వంతెన లేని వంతెన యుద్ధం: యుద్ధ చిత్రాలు తీసే దర్శకులకు, రచయితలకు, నిర్మాతలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన దర్శకులకు, రచయితలకు, నిర్మాతలకు నమస్కారాలు.

తుపాకి ఫలానా సంవత్సరం నమూనా కాదని, చొక్కాకు ఒక గుండీ ఎక్కువైందని తెర మీద వేలు పెట్టి చూపించడానికి ఈ లేఖ రాయడం లేదు. అలా చూపించే వారి పట్ల నాకు గౌరవమే ఉంది. వారి పుణ్యమా అని చాలా నేర్చుకున్నాను కూడా. కానీ యుద్ధ చిత్రం పాఠ్యపుస్తకం కాదనీ, వారం రోజుల పోరును రెండున్నర గంటల్లో చెప్పాలంటే పదిమంది అధికారులను ఒక్క పాత్రలోకి కుదించక తప్పదనీ, ఎడారిలో జరిగినదాన్ని మరో ఎడారిలో చిత్రీకరించక తప్పదనీ తెలిసినవాణ్ని కాబట్టి ఆ లెక్కలు మీ ముందు పెట్టను. వేషం మార్చండి, వేళ మార్చండి, పేర్లు మార్చండి. ఆ యుద్ధం ఆ విధంగా ముగియడానికి గల కారణాన్ని మాత్రం మార్చకండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే అది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే కాస్త వివరంగా రాయక తప్పదు.

1297 సెప్టెంబరు 11న స్కాట్లండులో ఫోర్త్ నది ఒడ్డున జరిగిన పోరుకు స్టిర్లింగ్ వంతెన యుద్ధమని పేరు. ఆ రోజు ఇంగ్లండు సైన్యం అవతలి ఒడ్డుకు చేరడానికి ఎంచుకున్న దారి ఒక ఇరుకు చెక్క వంతెన. దాని మీద ఇద్దరు రౌతులు పక్కపక్కన పట్టడమే గగనం. తెల్లవారుజామున కొంత దళం దాటింది కూడా. తీరా దాటాక, సేనాని సర్రే ప్రభువు ఇంకా నిద్ర లేవలేదని వారిని వెనక్కి పిలిచారు. ఎగువన అరవై మంది ఒకేసారి దాటగల రేవు ఉందని, తనకు కొంత బలగం ఇస్తే అటు నుంచి చుట్టి వస్తానని ఒక యోధుడు చెప్పి చూశాడు. ఈ యుద్ధాన్ని సాగదీసి రాజుగారి సొమ్ము ఇంకా తగలేయడం దేనికని ఖజానా అధికారి క్రెసింగ్‌హామ్ అడ్డుపడ్డాడు. చివరికి ఆ ఇరుకు దారినే పట్టారు. అవతల ఉన్నది గుర్రం కాలు దిగబడే తేమ నేల. స్కాట్లండు పక్షాన నాయకులు విలియం వాలెస్, ఆండ్రూ మోరే ఎత్తు మీద తమ బలగంతో ఆగి చూశారు. తాము మట్టుపెట్టగలిగినంత మందిని దాటనిచ్చి, అప్పుడు కిందికి దిగి వంతెన కొసను బిగించేశారు. ఇవతల మిగిలిన సైన్యం, అవతల తమవాళ్ళు కూలిపోతుంటే చూస్తూ నిలబడిపోయింది. ఖర్చు లెక్క చూసిన క్రెసింగ్‌హామ్ కూడా ఆ అవతలి ఒడ్డునే చచ్చిపోయాడు.

1995లో వచ్చిన 'బ్రేవ్‌హార్ట్' చిత్రంలో ఈ యుద్ధం ఉంది, వంతెన లేదు. విశాలమైన మైదానం, ఎదురెదురుగా రెండు సేనలు, మధ్యలో గుర్రం మీద కథానాయకుడు. వంతెన మీద చిత్రీకరణ ఎంత కష్టమో ఊహించగలను. గుర్రాలు పరుగెత్తడానికి చోటుండదు, కెమెరాకు దూరం దొరకదు. కానీ వంతెనను తీసేసిన క్షణాన ఏమైందో గమనించండి. కొద్దిమంది, గుర్రాలు లేనివారు, పెద్ద సైన్యాన్ని ఎలా ఓడించారన్న ప్రశ్నకు చరిత్ర దగ్గర జవాబు ఉంది: ఒకడు పొద్దెక్కేదాకా నిద్రపోయాడు, ఒకడు డబ్బు లెక్క చూసుకున్నాడు, ఎదుటివాళ్ళు ఓపిక పట్టారు. చిత్రం దగ్గర ఆ జవాబు లేదు కాబట్టి ఆ ఖాళీని ఒక ఉపన్యాసంతో, కొన్ని పొడవాటి ఈటెలతో పూడ్చాల్సి వచ్చింది. వంతెనతో పాటు మోరే కూడా తెర మీది నుంచి మాయమయ్యాడు. ఆ విజయంలో సమాన భాగస్వామి, ఆ పోరులో తగిలిన గాయంతోనే కన్నుమూశాడని చరిత్రకారులు భావించే మనిషి ఆయన. స్కాట్లండు వీరులు కట్టుకున్న ఆ గళ్ళ వస్త్రం వందల ఏళ్ళ తర్వాతిదని విమర్శకులు ఇప్పటికీ నవ్వుతుంటారు. నాకు ఆ గళ్ళ వస్త్రంతో పేచీ లేదు. (వాలెస్‌తో ప్రేమలో పడినట్టు చూపించిన యువరాణి ఇజబెల్లాకు, 1305లో ఆయనను ఉరితీసేనాటికి, పదేళ్ళు దరిదాపుల్లో మాత్రమే ఉంటాయన్నది మాత్రం మింగుడుపడదు.)

ఇక నాకు అభ్యంతరం లేని మార్పు ఎలా ఉంటుందో కూడా చెప్పడం న్యాయం. 1940లో జర్మన్ సేనలు చుట్టుముట్టిన మిత్రరాజ్యాల సైనికులను ఫ్రాన్సులోని డంకిర్క్ తీరం నుంచి ఓడల్లో తరలించిన కథ 2017 నాటి 'డంకిర్క్'. ఆ చిత్రంలో జర్మన్ యుద్ధ విమానాల ముక్కులకు పసుపు రంగు ఉంటుంది. 1940 మే నెలాఖరులో, జూన్ మొదటి రోజుల్లో ఆ విమానాలకు ఆ రంగు లేదు, డంకిర్క్ ముగిశాకే వేశారు. ఈ సంగతి దర్శకుడికి తెలుసు. ఆకాశంలో చుక్కల్లా తిరిగే విమానాల్లో ఎవరిది ఏదో ప్రేక్షకుడికి ఒక్క చూపులో తెలియాలని తెలిసే వేయించాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. అదే చిత్రంలో ఒడ్డున వారం, సముద్రం మీద రోజు, గాలిలో గంట ఒకదానిలో ఒకటి అల్లుకుని నడుస్తాయి. కాలాన్ని ఇంతకన్నా స్వేచ్ఛగా విరిచిన యుద్ధ చిత్రం నేను చూడలేదు. అయినా చరిత్రకు ఏమీ కాలేదు, ఎందుకంటే 3,38,226 మంది ఆ తీరం నుంచి ఎందుకు బయటపడాల్సి వచ్చిందో, ఎలా బయటపడ్డారో ఆ అల్లికలో చెక్కుచెదరలేదు. నా అభ్యంతరం మరో చోట ఉంది. ఆ తీరానికి కె-6 పేరుతో వెళ్ళిన భారతీయ కంచరగాడిదల రవాణా కంపెనీలు తెర మీద ఎక్కడా కనబడవు. వందల మంది భారత సైనికులు అక్కడ ఉన్నారు, తమ పశువులను అక్కడే వదిలేసి ఓడలెక్కారు. లక్షల మందిలో వారు కొద్దిమందే కదా అనవచ్చు. కథకుడు కెమెరాను ఎటు తిప్పాలో ఎంచుకుంటాడు, నిజమే. తిప్పని వైపు ఎవరూ లేరని ప్రేక్షకుడు అనుకుంటాడు, అదీ నిజమే.

'సేవింగ్ ప్రైవేట్ రయాన్' నిర్మాతలు ఎంచుకున్న పద్ధతి నాకు మరింత నచ్చింది. నీలండ్ కుటుంబంలోని నలుగురు అన్నదమ్ములలో ముగ్గురు పోయారని భావించి నాలుగో వాణ్ని ఇంటికి పంపించిన ఉదంతం ఆ కథకు ప్రేరణ. అతణ్ని వెతకడానికి ఏ దళమూ శత్రు భూభాగంలోకి వెళ్ళలేదు, ఒక సైనిక మతగురువు ఆచూకీ తీసి పంపించారు. చనిపోయాడనుకున్న ఒక అన్న బర్మాలో జపాన్ చెరలో బతికే ఉన్నాడని తర్వాత తేలింది. చిత్రం ఈ కుటుంబం పేరు వాడుకోలేదు. ఆఖరి పోరాటం జరిగే రామెల్ అనే పట్టణం పటంలో ఎక్కడా లేదు. లేని ఊళ్ళో, లేని మనుషులతో జరిగిన పోరు ఎవరి రికార్డునూ చెరపదు. కల్పన చేయదలిస్తే ఇంత శుభ్రంగా చేయవచ్చునన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను, ఎందుకంటే నన్ను ఈ లేఖకు పురిగొల్పింది ఒక మరణ వార్త.

1997లో 'బోర్డర్' చూసినప్పుడు, చేతిలో మందుపాతర పట్టుకుని శత్రు ట్యాంకు మీదికి దూకిన సరిహద్దు భద్రతా దళ జవాను భైరోన్ సింగ్ కోసం నేనూ కంటతడి పెట్టాను. నా ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం ఇప్పటికీ గుర్తుంది. తెర మీది పేరు అసలు పేరే, మనిషి అసలు మనిషే. ఆ పెద్దాయనకూ నాకూ తెలియనిదేమిటంటే, మేము కన్నీళ్ళు పెట్టుకుంటున్న ఆ క్షణాన భైరోన్ సింగ్ రాఠోడ్ రాజస్థాన్‌లో నిక్షేపంగా బతికి ఉన్నారు. చిత్రానికి ఆధారమైన 1971 నాటి పోరులో, రాజస్థాన్ సరిహద్దు ఠాణా లాంగేవాలాలో చూపిన ధైర్యానికి 1972లో సేనా పతకం అందుకున్నారు. తెర మీద చనిపోయిన తర్వాత పాతికేళ్ళు జీవించి 2022 డిసెంబరు 19న జోధ్‌పూర్‌లో కన్నుమూశారు. ఆ వార్త చదివి నేను మొదట ఏదో పొరపాటు పడ్డారనుకున్నాను. పొరపాటు పడింది పత్రిక కాదు, నా జ్ఞాపకం. ఆ జ్ఞాపకాన్ని నాలో నాటింది మీ వృత్తి. బతికున్న మనిషికి అమరవీరుడి మరణం అంటగట్టడాన్ని గౌరవమని కొందరు సమర్థించడం విన్నాను. తన చావును తానే తెర మీద చూసుకోవాల్సి వచ్చిన మనిషి వైపు నుంచి ఆలోచిస్తే అందులో గౌరవం పాలు ఎంతో నాకు అర్థం కాలేదు.

1971 డిసెంబరు 4, 5 తేదీల రాత్రి లాంగేవాలాలో మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి వెంట ఉన్నది పంజాబ్ రెజిమెంటు 23వ బెటాలియన్‌కు చెందిన సుమారు 120 మంది. ఎదురుగా వచ్చింది రెండు వేలకు పైగా సైన్యం, నలభైకి పైగా ట్యాంకులు. భారత పక్షాన ప్రాణాలు కోల్పోయింది ఇద్దరు. చిత్రంలో మాత్రం ఒకరి తర్వాత ఒకరు నేలకొరుగుతూనే ఉంటారు. ఇద్దరే పోయారంటే ప్రేక్షకుడి గుండె కరగదేమోనని మీరు భయపడ్డారా? అసలు ఇద్దరే ఎలా పోయారన్నదే కదా ఆ రాత్రి కథ! సరిహద్దు రాయి దగ్గర గస్తీలో ఉన్న యువ అధికారి ధరమ్ వీర్ చీకట్లో ట్యాంకుల చప్పుడు విని వైర్‌లెస్‌లో చెప్పాడు. ఠాణాను వదిలి వెనక్కి వెళ్ళడమా, అక్కడే నిలవడమా అన్నది చాంద్‌పురి తేల్చుకోవాల్సి వచ్చింది, ఆయన నిలబడ్డారు. ముందుకొచ్చిన పాకిస్తాన్ పదాతిదళం ఇనుప ముళ్ళతీగను చూసి దాని వెనక మందుపాతరలు ఉన్నాయనుకుని ఆగిపోయింది. అక్కడ పాతరలు లేవు. ఆ అనుమానంతో చీకట్లో పోగొట్టుకున్న సమయం తర్వాత వారికి తిరిగి రాలేదు. జైసల్మేర్‌లోని హంటర్ విమానాలకు రాత్రి పూట దాడి చేసే సదుపాయం లేదు, తెల్లారేదాకా ఆగాల్సిందే. అంటే ఆ రాత్రంతా రెండు పక్షాలూ పోటీ పడింది సూర్యోదయంతో. పొద్దు పొడవగానే విమానాలు వచ్చాయి, ఇసుకలో దాక్కోవడానికి చోటు లేని ట్యాంకులను ఒక్కొక్కటిగా వేటాడాయి.

విమానాలు తెల్లవారితే గాని రాలేవన్న సంగతిని ఆ చిత్రం ఉంచింది. చూడండి, చిత్రమంతటిలో ఉత్కంఠ నిలిచింది కూడా అక్కడే. చరిత్ర విధించిన ఒక పరిమితిని ఉన్నదున్నట్టు ఉంచుకుంటే అది కథకు బరువు కాలేదు, కథను అదే మోసింది. ముళ్ళతీగ దగ్గర ఆగిన శత్రువు కూడా అంతే మోయగలిగేవాడు. ఒక ప్రాణం పోయే సన్నివేశం రాయడం సులువు. లేని మందుపాతరకు భయపడి చీకట్లో ఆగిన సైన్యాన్ని, తెల్లారడం కోసం గడియారం వైపు చూస్తున్న నూట ఇరవై మందిని రాయడం కష్టం. మీరు కష్టమైనదాన్ని రాయగలరని నా నమ్మకం.

ఒక దేశపు పనిని మరో దేశానికి రాసివ్వడం దీనికన్నా పెద్ద తప్పు. 2000లో వచ్చిన 'యు-571'లో అమెరికా నావికులు జర్మన్ జలాంతర్గామిలోకి చొరబడి ఎనిగ్మా సంకేత యంత్రాన్ని చేజిక్కించుకుంటారు. వాస్తవంలో 1941 మే 9న యు-110 నుంచి యంత్రాన్ని, సంకేత పుస్తకాలను తెచ్చింది 'బుల్‌డాగ్' అనే బ్రిటిష్ నౌక మనుషులు. ఆ బృందాన్ని చిన్న పడవలో తీసుకెళ్ళిన డేవిడ్ బామ్ వయసు అప్పటికి ఇరవై ఏళ్ళు. అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఇంకా ఏడు నెలలు ఉంది. ఈ చిత్రం మీద బ్రిటన్ పార్లమెంటులో కూడా ప్రస్తావన వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకు రచయితల్లో ఒకరు తాము చేసింది వక్రీకరణేనని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

నాకు బాధ కలిగించేది వారు వదిలేసుకున్న కథ. 1942 అక్టోబరు 30 రాత్రి మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్న యు-559లోకి ముగ్గురు బ్రిటిష్ నావికులు దిగారు. ఫాసన్, గ్రేజియర్ లోపలి నుంచి పుస్తకాలు అందిస్తుంటే, టామీ బ్రౌన్ వాటిని పైకి చేరవేశాడు. వయసు దాచి నౌకలో క్యాంటీన్ సహాయకుడిగా చేరిన పదహారేళ్ళ కుర్రవాడు అతను. జలాంతర్గామి ఒక్కసారిగా మునిగిపోయింది. బ్రౌన్ ఒక్కడే బయటపడ్డాడు. ఆ తడిసిన పుస్తకాల సాయంతోనే, దాదాపు పది నెలలుగా అంతుచిక్కని అట్లాంటిక్ జలాంతర్గాముల సంకేతాలను అదే ఏడాది డిసెంబరులో ఛేదించగలిగారు. 'యు-571' ముగింపులో పడే అంకితంలో ఈ రెండు సంఘటనలూ తేదీలతో సహా ఉన్నాయి. అంటే వారికి అసలు కథ తెలుసు. తెలిసి ఆఖరి అంకితంలో రెండు వాక్యాలు ఇచ్చి, ముందున్న రెండు గంటలను వేరేవారికి ఇచ్చారు.

మన తీరంలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' లోపలున్న వారందరితో మునిగిపోయింది. 'ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్' వేసిన లోతు బాంబులే కారణమని భారత్ అంటుంది, లోపలి పేలుడో, సొంత మందుపాతరలో కారణమని పాకిస్తాన్ అంటుంది. 2017లో తెలుగులో వచ్చిన 'ఘాజీ' ఈ రెండింటినీ పక్కనపెట్టి, ఒక భారత జలాంతర్గామితో ముఖాముఖి పోరు జరిగినట్టు చూపించింది. సమాధానం ఇద్దమిత్థంగా తేలనిచోట ఊహకు చోటుందని ఒప్పుకుంటాను. జలాంతర్గామి లోపలి ఇరుకును, ఉక్కపోతను మన భాషలో అంత శ్రద్ధగా చూపినందుకు ఆ బృందాన్ని మెచ్చుకుంటాను కూడా. కానీ తేలని విషయం పక్కనే తేలిన విషయం ఒకటుంది. ఘాజీ వెతుకుతూ వచ్చిన విమానవాహక నౌక 'విక్రాంత్' అప్పటికే అండమాన్ వైపు భద్రంగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి పాత ఓడ, సేవల నుంచి తప్పించడానికి సిద్ధంగా ఉన్న రాజ్‌పుత్, విశాఖ తీరంలో తిరుగుతూ తానే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపింది. ముసలి ఓడ ఒకటి యువరాజు గొంతుతో మాట్లాడి వేటగాణ్ని ఉచ్చులోకి పిలవడం! ఈ ఘట్టం చుట్టూ చిత్రం తీయాల్సినవారు మీలో ఎవరో ఇంకా ఉన్నారని ఎదురుచూస్తున్నాను.

సినిమాయే కదా, ఎవరు నమ్ముతారని మీరు అనవచ్చు. 1957 నాటి 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై' వల్ల జరిగినదాన్ని మీ ముందు పెడతాను. అందులో జపాన్ చెరలో ఉన్న బ్రిటిష్ కర్నల్ శత్రువు వేస్తున్న బర్మా రైలు మార్గం కోసం గొప్ప వంతెన కట్టి చూపాలన్న పట్టుదలతో తన వాళ్ళ చేతే కష్టపడి కట్టిస్తాడు. అసలు చెరసాలలో సీనియర్ అధికారి ఫిలిప్ టూసీ చేయించింది పూర్తిగా వేరు: ఆయన మనుషులు చెదపురుగులను ఏరి తెచ్చి వంతెన కర్రల్లో వదిలారు, కాంక్రీటును కావాలనే చెడగొట్టి కలిపారు. ఇక ఆ వంతెన దాటే నది పేరు అసలు క్వై కాదు, మేక్లాంగ్. చిత్రంలోని నదిని వెతుక్కుంటూ యాత్రికులు వస్తుండడంతో 1960లో నదిలోని ఆ భాగానికే ఖ్వే యై అని పేరు మార్చారు. సినిమా కోసం నది పేరు మారింది, టూసీ పేరు మాత్రం చాలామందికి ఇప్పటికీ తెలియదు. అంతకన్నా పెద్ద మౌనం మరొకటి ఉంది. ఆ రైలు మార్గం మీద పన్నెండు వేల మందికి పైగా మిత్రరాజ్యాల ఖైదీలు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి, బర్మా నుంచి, జావా నుంచి తరలించిన ఆసియా కూలీలలో మరణించినవారు అంతకు ఎన్నో రెట్లని, తొంభై వేల దాకా ఉంటారని అంచనాలున్నాయి. వారిలో తమిళులు చాలామంది, తెలుగువారూ ఉన్నారు. ఆ చిత్రంలో కథ వారిది కాదు, కనీసం నేపథ్యం కూడా వారిది కాలేదు.

జపాన్ నౌకాదళ సేనాని యమమోటో పేరుతో తిరిగే 'నిద్రపోతున్న రాక్షసుణ్ని లేపాం' అన్న మాట సంగతీ ఇంతే. అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడి గురించి 1970లో వచ్చిన చిత్రం దాన్ని ఆయన నోట పెట్టింది. ఆయన ఆ మాట అన్నట్టు గాని రాసినట్టు గాని ఆధారం దొరకలేదు. ఇప్పుడది ఉపన్యాసాలలో చరిత్ర ఉటంకింపుగా వినిపిస్తుంది.

కాబట్టి చిత్రం మొదట్లో క్షణకాలం మెరిసే ఆ ప్రకటన గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. గోడ మీది పోస్టరు 'నిజ సంఘటనల ఆధారంగా' అంటుంది. తెర మీది చిన్న అక్షరాలు 'పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం' అంటాయి. ఒకటి టిక్కెట్టు అమ్మడానికి, రెండోది కోర్టు నుంచి తప్పించుకోవడానికి. ఈ రెండింటి మధ్య నిలబడిన ప్రేక్షకుడికి ఏది నమ్మాలో ఎవరూ చెప్పరు. వ్యాపారం మీకు తెలుసు, ఆ చిన్న అక్షరాలు మానేయమని నేను అడగను. అసలు పేర్లతో అసలు యుద్ధాన్ని తీసినప్పుడు, చివర్లో మరో ఒక నిమిషం ఇవ్వండి. ఫలానా పాత్ర ముగ్గురు అధికారుల కలయిక అని, ఫలానా వ్యక్తి చనిపోలేదు, తర్వాత ఇన్నేళ్ళు జీవించారని, ఫలానా ఘట్టం మా ఊహ అని, చదవగలిగినంత పెద్ద అక్షరాలతో, చదవగలిగినంత సేపు నిలపండి. అసలు మనిషి బతికి ఉంటే, ఆయనను ఏం చేయబోతున్నారో చిత్రీకరణకు ముందే ఆయనకు చెప్పండి. సైనిక సలహాదారును నియమించుకున్నప్పుడు సెల్యూట్ ఎలా కొట్టాలో మాత్రమే అడగకండి, కథ వినిపించి 'ఇలా జరగడానికి వీలుందా' అని కూడా అడగండి. ఆయన కుదరదన్నచోట ఆగి చూస్తే, సగం సార్లు అక్కడే మీకు వంతెనో, ముళ్ళతీగో, ముసలి ఓడో దొరుకుతుంది.

మీ తర్వాతి యుద్ధ చిత్రానికి నేను తప్పకుండా వస్తాను. పేర్లు పడడం మొదలవగానే హాల్లో దీపాలు వేసేస్తారు. ఆ ఒక్క నిమిషం పూర్తయ్యేదాకా వేయవద్దని ప్రదర్శకులకు మీరే ఒక మాట చెప్పాలని కూడా విన్నపం.

భవదీయుడు,
యుద్ధ చిత్రాలను విడవకుండా చూసే ఒక ప్రేక్షకుడు